ఎల్ అంటే లత

జూలై 6, 2008

మూడుసార్లు పిలిచాను. ఎవరైనా సరే, మూడుసార్లు పిలిస్తే పలకాలి.

దీపావళికి సేఠ్ పంచిన డైరీ ఇది. ఇన్నాళ్లూ ట్రంకు పెట్టెలో పడి ఉంది. ఇవాళ తీశాను. ఎవరితోనైనా చెప్పుకోవాలి కదా, ఈ సూరత్ లింబాయత్ గల్లీలో చెప్పుకోవడానికి మనిషి లేడు. అందరూ జడ్జీలే.

పొద్దున కార్ఖానాలో మేస్త్రీ నన్ను తిట్టాడు. నేను చూసే కరెంటు మగ్గాల్లో నాలుగో సాంచా మీద పోగులు తెగి గుడ్డకు చారలు పడ్డాయట. నలభై సాంచాలు ఒక్కసారి మోగుతుంటే ఎవడి గొంతూ ఎవడికీ వినపడదు. మేమంతా పెదాలు చూసి మాట పట్టుకుంటాం. వాడి పెదాలు చూశాను. మా అమ్మను తిట్టాడు. పక్క సాంచాల లస్మయ్య కూడా చూశాడు, నవ్వాడు. అప్పుడే ఇద్దరినీ సాంచాలో వేసి నేసేద్దామనిపించింది. ఇంతలో కరెంటు పోయింది. ఇంటికొచ్చాను.

లత తలుపుకు వీపు పెట్టి బియ్యం ఏరుతోంది. చెవుల్లో ఇయర్‌ఫోన్లు. బతుకమ్మ పాటలు. పండగకు ఇంకా మూడు నెలలుంది, ఇప్పటి నుంచే తయారీ. గల్లీలో పాట ఎత్తేది ఆమే కాబట్టి ఆమెకు అదో పెద్ద ఉద్యోగం. అన్నం పెట్టమన్నాను. ఒకటి. లతా అన్నాను. రెండు. లతా అని అరిచాను. తల ఊపుతూ పాడుకుంటోంది. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టు.

వంగి, ఆమె ఇటు తిరగగానే ఒక్కటి వేశాను. ఒక్కటే. చేత్తోనే. మా నాయన అయితే చేతికి ఏది దొరికితే దాంతో కొట్టేవాడు. నేను కొట్టే మనిషిని కాను.

ఇయర్‌ఫోన్ ఎడమ బొడిపె పగిలింది. తీసి చూశాను. కొంచెం ఎర్రగా అంటుకుంది. కుంకుమ అయి ఉంటుంది.

జూలై 7

లత మాట్లాడలేదు. ఇల్లు ప్రశాంతంగా ఉంది.

జూలై 8

సాయంత్రం పక్కింటి కనకవ్వ వచ్చి గడపలో కూర్చుంది. పెద్ద మనిషి కదా అని చాయ్ ఇమ్మన్నాను. చాయ్ తాగుతూ నా వైపు చూసింది.

"పిల్లకు చెవిల ఈల ఊదినట్టు మోగుతుందట కొడుకా. ఏమైంది?"

"వాన నీళ్లు వోయినయేమో అవ్వా."

"చెవిలకే వడ్డదా వాన?" అంది ముసల్ది.

ఈమె గల్లీలో అందరి ఇళ్లలోనూ చెవి పెడుతుంది. వెల్లుల్లి వేసి కాచిన నూనె తెచ్చి లత చెవిలో పోసింది. లత పళ్లు బిగపట్టుకుంది. నూనె వేడి ఎక్కువైందేమో.

జూలై 11

ఇయర్‌ఫోన్ పగిలింది కాబట్టి కొత్తది కొనాలి. నా తప్పు ఉందని కాదు. వస్తువు పోయింది, వస్తువు తేవాలి.

మా పెళ్లయిన కొత్తలో ఒక్క ఇయర్‌ఫోన్‌నే ఇద్దరం పంచుకునేవాళ్లం. వాటి మీద చిన్నగా ఇంగ్లీషు అక్షరాలుంటాయి, ఒకదాని మీద ఎల్, ఒకదాని మీద ఆర్. ఎల్ అంటే లత, ఆర్ అంటే రాజేశం అని చెప్పాను. నమ్మింది! కంపెనీవాడు మన పేర్లు ఎట్లా రాశాడయ్యా అని అడిగింది. చాలా రోజుల తర్వాత గానీ అది ఎడమ, కుడి అని చెప్పలేదు. చెప్పినా ఆమె ఎల్‌నే పెట్టుకునేది.

వాళ్ల ఊరి ఆడవాళ్లు కలిసి పాడి సీడీ చేయించుకున్నారు, ఆ పాటలే ఈ చిన్న ప్లేయర్‌లోకి ఎక్కించాం. రికార్డు చేసినవాడు తమాషాగా చేశాడు. పాట ఎత్తేటామె గొంతు కుడి చెవిలో, అందుకునే గుంపు అంతా ఎడమ చెవిలో. రెండూ పెట్టుకుంటే బతుకమ్మ చుట్టూ తిరుగుతున్నట్టే ఉంటుంది. పంచుకుంటే మాత్రం ఎత్తేటామె నాకు, గుంపు లతకు. "నువ్వు ఎత్తు, నేను అందుకుంట" అనేది.

ఫుట్‌పాత్ మీద నలభై రూపాయల జత తెచ్చాను. పెట్టుకుంది.

"ఎడమ దిక్కు అస్తలేదు."

నలభై రూపాయల సరుకు నలభై రూపాయలంతే ఉంటుంది. తెంపి మోరీలో పడేశాను.

జూలై 20

ఈసారి మంచిదే కొనాలని స్టేషన్ దగ్గరి ఎలక్ట్రానిక్స్ గల్లీకి వెళ్లాను. ఓ మూల చిన్న దుకాణం. అరవై దాటిన గుజరాతీ ముసలాయన, పాత రేడియోలు బాగుచేస్తూ కూర్చున్నాడు. అందరూ కాకా అంటున్నారు, నేనూ అన్నాను.

పెట్టె మీద పెద్ద కంపెనీ పేరున్నది చూపించి ఇది ఇవ్వమన్నాను. కాకా నవ్వాడు. పెట్టె చూసి కొంటే పెట్టెతోనే పాట వినాలి అన్నాడు హిందీలో. ఇక్కడ స్టిక్కర్లు కిలోల లెక్కన దొరుకుతాయట. ఒక జత నా చెవుల్లో పెట్టి డమడమ మోగే పాట వేశాడు. బాగుందన్నాను. సౌండు తగ్గించాడు. డమడమ పోయాక ఇంకేమీ మిగల్లేదు. ఇంకో జత పెట్టి, సౌండు తగ్గించే పెట్టాడు. పాడే మనిషి రెండు చరణాల మధ్య ఊపిరి తీసుకోవడం వినిపించింది.

"గట్టిగా అరిచేది మంచిది కాదు భాయ్. నెమ్మదిగా ఉన్నప్పుడు కూడా అన్నీ చెప్పేది మంచిది" అన్నాడు.

అదే కొన్నాను. రెండు వైపులా బ్రహ్మాండంగా పలికింది. నా చెవులతో నేను విన్నాను.

జూలై 21

"ఎడమ దిక్కు అస్తలేదు" అంది.

"సరిగ్గ పెట్టుకో."

"పెట్టుకున్న. ఎత్తేటామె ఉన్నది. అందుకునేటోళ్లు లేరు."

చూపించేది ఒకటి, పొట్లం కట్టేది ఒకటి. సూరత్ వ్యాపారం! చీరలకు అంతే, ముసలాయన వస్తువుకూ అంతే.

నేను పెట్టుకుని చూడలేదు. ఆమె కోసం తెచ్చినది నేను పెట్టుకోవడమేమిటి?

జూలై 27

కాకా మార్చి ఇచ్చాడు. గొడవ పడలేదు. అదే నాకు అనుమానం. తప్పు లేనివాడు గొడవ పడతాడు.

జూలై 28

అస్తలేదు.

కంచం విసిరాను. ఆమె మీద కాదు, గోడ మీద. పప్పు ఆమె మీద పడింది, అది వేరే సంగతి.

ఆగస్టు 5

ఒక మంచి సంగతి రాయాలి. లత ఈ మధ్య నేను మాట్లాడుతుంటే నా నోటి వైపే చూస్తోంది. కన్నార్పకుండా. కొత్త పెళ్లికూతురిలా. కోపం పోయి ప్రేమ వచ్చినట్టుంది. ఆడవాళ్ల మనసు వెన్నపూస అని ఊరికే అనలేదు.

ఇంకోటి. మంచంలో తను పడుకునే వైపు మార్చింది. ఎప్పుడూ గోడ వైపు ఉండేది, ఇప్పుడు తలుపు వైపు. కుడి చెవి పైకి పెట్టి పడుకుంటోంది. ఎందుకన్నాను. "గిట్ల పంటే నువ్వు పిలిస్తే ఇనవడ్తది" అంది. చూశారా, బుద్ధి వచ్చింది.

చూశారా అని ఎవరికి రాస్తున్నాను?

ఆగస్టు 17

చెయ్యి నొప్పిగా ఉంది, అక్షరాలు వంకర పోతున్నాయి.

మధ్యాహ్నం అన్నాలప్పుడు కార్ఖానా బయట మెట్ల మీద కూర్చున్నాం. హెడ్‌ఫోన్ల మోసం గురించి నేనే చెప్పాను, నోరు ఊరుకోదు. లస్మయ్య మా జిల్లావాడే, నాకంటే పదేళ్లు పెద్ద, అన్నా అని పిలుస్తాను. అన్నీ విని బీడీ ఆర్పాడు.

"తమ్మీ, ఒక మాట అడుగుత, కోపం చేసుకోకు."

"అడుగన్నా."

"ఇరవై ఏండ్ల సంది సాంచాల నడుమ ఉన్న. మనసోంటోళ్ల చెవులు వోయినయంటే అర్థముంది. ఇంట్ల కూసున్న ఆడివిల్ల చెవి ఎట్ల వోయింది?"

"చెవి కాదు, హెడ్‌ఫోన్ ఖరాబున్నది."

"మూడు జతలు ఖరాబా? అన్నీ ఎడమ దిక్కేనా?" తన ఎడమ చెంప మీద చెయ్యి పెట్టుకున్నాడు. "కుడి చేతోడు కొడితే గీడనే తాకుతది తమ్మీ."

తర్వాత ఏం జరిగిందో వరసగా గుర్తులేదు. గోడకు ఆనించిన సాంచా కట్టె నా చేతిలో ఉంది. పోగును అటూ ఇటూ మోసే నాడెను కొట్టే కట్టె, గట్టి కర్ర, రోజుకు లక్షసార్లు కొట్టినా విరగదు. అతని కనుబొమ్మ దగ్గర తగిలింది. రక్తం కంట్లోకి కారింది. అతను కింద పడ్డాక కూడా రెండు వేశాను, భుజం మీద. నలుగురు పట్టుకుని లాగారు. ఒకడి చేతిని కొరికాను. రక్తం ఉప్పగా ఉంది, ఇంకా నోట్లోంచి పోలేదు.

ఏడు కుట్లు పడ్డాయట. లస్మయ్య పోలీసు దగ్గరికి పోలేదు. జారి పడ్డానని చెప్పాడట. చెప్పనీ. నన్ను చిన్న చేయడానికి అదో దారి.

మేస్త్రీ వారం రోజులు రావద్దన్నాడు.

ఆగస్టు 18

లత నా చెయ్యి చూసింది. వేళ్లు వాచి ఉన్నాయి.

"ఎవల్ని?" అంది.

ఏమైంది అని కాదు. ఎవల్ని అని.

ఆగస్టు 31

తేల్చేశాను. ఈసారి అసలైన హెడ్‌ఫోన్. చెవుల్లోకి దూరే బొడిపెలు కాదు, చెవి మొత్తాన్ని కప్పే గిన్నెలు, లోపల మెత్తటి దిండు. జీతంలో సగం పోయింది, పోనీ. బతుకమ్మకు నెల కూడా లేదు, లత పాత పాటల దగ్గరే ఆగిపోయింది. కొత్తవి నేర్చుకోవాలంటే ఎక్కడ అందుకుంటారో వినపడాలి కదా. పోయినేడు పాట ఎత్తగానే గల్లీ అంతా ఆమె గొంతు వెనక నడిచింది. ఈసారి ఎదురింటి పోశమ్మను ఎత్తమందామని ఆడవాళ్లు అనుకుంటున్నారట. కనకవ్వే చెప్పింది. అది విని లత కూరగాయలు తరుగుతూ వేలు కోసుకుంది.

కాకా దుకాణంలో గంటసేపు కూర్చున్నాను. ఆయన ఏం చెబితే అది చేశాను. కంఠతా వచ్చిన పాటే పెట్టి చూడాలన్నాడు, అందుకే లత ప్లేయర్ తీసుకెళ్లాను. తీగ మొదట్లో పట్టుకుని ఆడించాను, గరగర లేదు. దిండు చెవి చుట్టూ సరిగ్గా కూర్చుంటే బయట ఆటోల మోత సగం తగ్గింది, అప్పుడు సౌండు పెంచే అవసరమే రాలేదు. ఎత్తేటామె కుడి పక్కన. గుంపు ఎడమ పక్కన. ఒక ముసలామె అందరికంటే కాస్త ఆలస్యంగా అందుకుంటుంది, ఆమె కూడా వినిపించింది. నిజం చెప్పాలంటే కళ్లు చెమర్చాయి.

ఈసారి పొట్లం కట్టనివ్వలేదు. మెళ్లో వేసుకుని షేర్ ఆటో ఎక్కాను. మార్చడానికి వీల్లేదు. ఎవడూ మార్చలేదు.

లత పెట్టుకుంది. కళ్లు మూసుకుంది. నేను ఎదురుగా కూర్చున్నాను. తర్వాత కళ్లు తెరిచి నా మొహం చూసింది, నా చేతులు చూసింది.

"అస్తుందా?"

"అస్తుంది."

"రెండు దిక్కులా?"

"రెండు దిక్కులా."

నేను చెప్పలేదూ! మంచి సరుకు మంచి సరుకే.

సెప్టెంబరు 7

అబద్ధం చెప్పింది.

కనకవ్వ ఇంట్లో ఆడవాళ్లంతా పాట సాధన చేశారు. లత ఎత్తింది. ఎడమ పక్కనున్నవాళ్లు అందుకోకముందే తర్వాతి చరణం ఎత్తేసింది. మళ్లీ. మళ్లీ. ఎవరో నవ్వారు. పోశమ్మ ఎత్తుకుంది, లత లేచి వచ్చేసింది. ఇదంతా కనకవ్వ కిటికీ బయటి నుంచి నేను చూశాను.

"హెడ్‌ఫోన్ మంచిగుంటే పాట ఎందుకు తప్పినవ్?" అన్నాను.

ఆమె తలుపు వైపు తిరిగి ఉంది, నా నోరు కనిపించలేదు. పలకలేదు. చెయ్యి లేచింది. గోడకు కొట్టాను. పెచ్చు ఊడింది.

ఈ ఇంట్లో ఎవరో ఒకరు నన్ను మోసం చేస్తున్నారు.

సెప్టెంబరు 14

పెదవి చిట్లింది. పక్కటెముకలు ఊపిరి తీస్తే గుచ్చుతున్నాయి. అయినా రాస్తాను. ఇవాళ రాయకపోతే ఇక రాయను.

హెడ్‌ఫోన్ పట్టుకుని కాకా దగ్గరికి వెళ్లాను. బల్ల మీద విసిరాను. ఎడమ వైపు చచ్చిపోయింది అన్నాను. కాకా పెట్టుకున్నాడు, విన్నాడు, తీశాడు.

"దోనో సైడ్ బరాబర్ ఛే" అన్నాడు. రెండు వైపులా సరిగ్గానే ఉందట.

అబద్ధాలకోరువి అన్నాను. మూడోసారి మోసం అన్నాను. ఆయన కొంచెం కూడా గొంతు పెంచలేదు. "భాయ్, హెడ్‌ఫోన్‌లో ఏమీ లేదు" అన్నాడు. ఆ నెమ్మదికే నాకు ఒళ్లు మండింది. బల్ల మీదుగా వంగి ఒక్కటి వేశాను.

ఒక్కటే. చేత్తోనే. ఎడమ చెంప మీద.

ముసలాయన స్టూలు మీద నుంచి జారి రేడియోల మధ్య పడ్డాడు. లేచి కూర్చుని చిటికెన వేలు ఎడమ చెవిలో పెట్టుకుని ఆడించాడు. మళ్లీ ఆడించాడు. తల ఒక పక్కకు వంచి అరచేత్తో కొట్టుకున్నాడు.

"సీటీ బజ్ రహీ హై" అన్నాడు. చెవిలో ఈల మోగుతోందని.

జూలై 7న ఇల్లు ప్రశాంతంగా ఉందని రాశాను. ఆ రోజంతా లత చిటికెన వేలు చెవిలో పెట్టుకుని ఇలాగే ఆడిస్తూ, ఇలాగే తల వంచి కొట్టుకుంటూ ఉంది. నేను అన్నం తింటూ చూశాను. చూసి, డైరీలో ఆ మాట రాయలేదు.

ఇంతలో చుట్టుపక్కల దుకాణాలవాళ్లు వచ్చారు. కింద పడేసి తన్నారు. మొహం మీద, డొక్కలో. ఎవడి బూటో నా పళ్ల మీద దిగింది. చెయ్యి అడ్డం పెట్టలేదు. గొప్పకు కాదు, చెయ్యి లేవలేదు.

కాకానే వాళ్లను ఆపాడు. నన్ను కూర్చోబెట్టి, రక్తం తుడవకుండానే ఆ హెడ్‌ఫోన్ నా తలకు పెట్టి పాట వేశాడు. ఎత్తేటామె కుడి పక్కన. గుంపు ఎడమ పక్కన. ఆలస్యంగా అందుకునే ముసలామె కూడా.

"దోనో?" అన్నాడు.

"దోనో" అన్నాను.

"నేను ఒకసారి మార్చి కూడా ఇచ్చాను కదా. తిరిగొచ్చిన జతనూ, ఇప్పుడు దీన్నీ విని చూశాను. ఒక్కటీ పాడవలేదు. ఇది ఎవరికి ఇచ్చావో ఆ మనిషి చెవి చూపించు, భాయ్. హెడ్‌ఫోన్ కాదు." అలా అంటూ తన కుడి చెవిని నా వైపు తిప్పాడు. నేను ఏం జవాబు చెబుతానో వినడానికి.



సెప్టెంబరు 16

పెద్దాసుపత్రి. డాక్టరమ్మ లైటు పెట్టి చూసింది. కర్ణభేరి చిరిగిపోయిందట. అప్పుడే తెచ్చి ఉంటే అతుక్కునేదట. నూనె పోయడం వల్ల చీము పట్టి లోపలి దాకా వెళ్లిందట. ఎడమ చెవి ఇక రాదు. కుడి చెవిని జాగ్రత్తగా చూసుకోమంది.

"దెబ్బ తగిలిందా?" అని లతను హిందీలో అడిగింది.

లత నోరు తెరిచేలోపు నేనే చెప్పాను, బాత్రూంలో జారి పడిందని.

లత నా పెదాలు చూస్తోంది. ఆ అబద్ధాన్ని అక్షరం అక్షరం చూసింది. తర్వాత డాక్టరమ్మ వైపు తిరిగి "హాఁ జీ" అంది.

లస్మయ్య కూడా జారి పడ్డానన్నాడు. నా చుట్టూ అందరూ జారి పడుతున్నారు.

రాత మార్చి రాస్తున్నాను. జూలై 6న నా పెండ్లాం లతను కొట్టాను. కుడి చేత్తో, ఎడమ చెవి మీద, చెవిలో ఇయర్‌ఫోన్ ఉండగా. అంటుకున్నది కుంకుమ కాదు. నేను కొట్టే మనిషిని.

సెప్టెంబరు 21

పొద్దున లత హెడ్‌ఫోన్ తీసుకుని తిరగేసి పెట్టుకుంది. ఎల్ కుడి చెవికి, ఆర్ ఎడమ చెవికి. ప్లేయర్ నొక్కింది. కాసేపటికి మొహం విప్పారింది. ఈ రెండున్నర నెలల్లో ఆ మొహం చూడలేదు.

"అందుకునేటోళ్లు అచ్చిన్రు" అంది. "అందరు అచ్చిన్రు. ముసలామె సుత."

నాకు ఏడుపొచ్చింది. ఎదురుగా కూర్చున్నాను, నోరు కనిపించేట్టు.

"ఎత్తేటామె?"

"ఆమె వోయింది."

హెడ్‌ఫోన్ తీసి నా ఒళ్లో పెట్టింది.

"మంచిదే కొన్నవయ్యా. ఒట్టిగనే ఆ ముసలాయనను కొట్టినవ్. నాకు మొదటి జత కాన్నే తెలుసు, చెవి వోయిందని."

"మరి ఎందుకు చెప్పలే?"

"చెప్తే ఇంకో చెవి ఉన్నదిగద" అంది.

సెప్టెంబరు 29

ఎంగిలిపూల బతుకమ్మ, పండగ మొదటి రోజు. గల్లీ మధ్యలో ముగ్గు వేసి, దొరికిన బంతిపూలూ గునుగు పూలూ పేర్చి పెట్టారు. లస్మయ్య కూడా వచ్చాడు, కనుబొమ్మ మీద గీత తెల్లబడింది. నేను నమస్తే అన్నాను. తల ఊపి అటు పక్కకు వెళ్లి నిలబడ్డాడు.

పాట పోశమ్మ ఎత్తింది. లత గుంపులో ఉంది, కనకవ్వకు ఎడమ పక్కన, కుడి చెవి ఆమె నోటి దగ్గర పెట్టి, ఆమెను చూస్తూ అందుకుంటోంది. ఒక అడుగు ఆలస్యంగా. ఆ రికార్డులో ముసలామెలా. చప్పట్లు మాత్రం తప్పలేదు, చేతులు కనిపిస్తాయి కదా.

పాట అయ్యాక ఆడవాళ్లు సత్తుపిండి పంచుకుంటున్నారు. లత పక్కకు వచ్చి ఒక్కతే నిలబడింది. కొంగు మట్టికి రాసుకుంటోంది. ఆ సంగతి చెబుదామని వెళ్లాను. ఎడమ పక్క నుంచి వెళ్లానని అప్పుడు తట్టలేదు.

లతా అన్నాను.

లతా అన్నాను.

మూడోసారి కూడా పిలిచాను. కోపం లేదు. ఒట్టు, కోపం రవ్వంత కూడా లేదు. భుజం తడదామని చెయ్యి ఎత్తాను.

నా చెయ్యి నీడ ఆమె ముందు నేల మీద పడింది. అది చూసింది. చేతిలోని సత్తుపిండి వదిలేసి కిందికి కూలబడింది. అంతమంది ఆడవాళ్ల ముందు, మొహం కాదు, తల కాదు, కుడి చెవిని రెండు చేతులతో గట్టిగా మూసుకుంది.